తోసిన కారు, దూసుకెళ్లే ఫొటో

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం కార్ల ఫొటోల గురించే, అందులోనూ కారుకి పైపు కట్టి తీసే ఫొటోల గురించే. అందుకని పెళ్లి ఆల్బమ్‌లు, పక్షులు, లెన్సుకి పట్టిన ఫంగస్ అన్నీ వచ్చే నెలకి జరిపేసి, ఈ నెల శీర్షిక మొత్తం కార్లకే ఇచ్చేశాను. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగిన చోట ఒకరిదే వేశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ కార్లు అమ్మే చోట పనిచేస్తున్నాను. కార్లకి ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టడం నా డ్యూటీ. కొందరు తీసిన ఫొటోల్లో కారు మీద చిన్న అక్షరం కూడా చదవొచ్చు, రోడ్డూ చక్రాలూ మాత్రం సర్రున సాగిపోయి ఉంటాయి. మావాడి బైకు వెనక కూర్చుని, హైవే మీద కారు పక్కనే వెళ్తూ తీసి చూశాను, అంతా అలుక్కుపోయింది. అసలు కారు ఎంత స్పీడులో వెళ్లాలి? నా దగ్గరున్న పాత డీఎస్ఎల్ఆర్, కిట్ లెన్స్ సరిపోతాయా?
— లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: గంటకి 2 కిలోమీటర్లు. అవును, రెండే. మామూలుగా నడిచే మనిషి గంటకి 5 కిలోమీటర్ల దాకా నడుస్తాడు, కారు అందులో సగం కూడా వెళ్లక్కర్లేదు. ఇంజన్ ఆపేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇద్దరు తోస్తే చాలు. ఫొటోలో వంద మీద పోతున్నట్టు కనిపించే కారు, తీసేటప్పుడు మీ ఫ్రెండ్స్ చెమటలు కక్కుతూ తోస్తున్న కారు.

కిటుకంతా కెమెరా ఎక్కడుందన్న దాంట్లోనే ఉంది. పొడవాటి పైపు ఒకటి కారుకే బిగించి, దాని చివర కెమెరా పెడతారు, దాన్నే రిగ్ అంటారు. కారు ఎంత కదిలితే కెమెరా కూడా దాంతోపాటు అంతే కదులుతుంది కాబట్టి, కెమెరా లెక్కలో కారు అసలు కదలనట్టే. కదిలేది రోడ్డు, గోడలు, చెట్లు. తిరిగేది చక్రాలు. షట్టర్‌ని మూడు నాలుగు సెకన్లు తెరిచి ఉంచితే కారు రాయిలా నిలబడుతుంది, మిగతాదంతా సాగిపోతుంది.

ఒక్కసారి లెక్క వేసుకుంటే భయం పోతుంది. గంటకి 2 కిలోమీటర్లంటే సెకనుకి 55 సెంటీమీటర్లు. 4 సెకన్లలో కారు 2.2 మీటర్లు కదులుతుంది. 185/65 ఆర్15 సైజు టైరు ఒక చుట్టు తిరిగితే కారు దాదాపు 1.95 మీటర్లు ముందుకెళ్తుంది. అంటే ఆ 4 సెకన్లలో చక్రం ఒక చుట్టు కంటే కాస్త ఎక్కువే తిరుగుతుంది, అల్లాయ్ వీల్‌లో పుల్లలన్నీ కలిసిపోయి పళ్లెంలా నున్నగా వచ్చేస్తాయి. పుల్లలు కొంచెం కనపడాలి, తిరుగుతున్నట్టు మాత్రమే ఉండాలి అనుకుంటే పావు చుట్టు చాలు, అంటే అర మీటరు, అంటే ఒక్క సెకను. ఇది మీ ఇష్టం. నాకైతే పుల్లలు కాస్త కనపడేదే బాగుంటుంది, మరీ పళ్లెం అయిపోతే చక్రం లేనట్టుంటుంది.

ఇక వెలుతురు. ఎర్రటి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలన్న లెక్క) 100, ఎఫ్ (లెన్సు లోపలి రంధ్రం లెక్క, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) 16 పెట్టినా షట్టర్ సుమారు 1/100 సెకను దగ్గర ఉంటుంది. దాన్ని 4 సెకన్లకి తేవాలంటే వెలుతురు 400 రెట్లు తగ్గాలి. అందుకే ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లద్దం కావాలి. 64 రెట్లు తగ్గించేదీ, 1000 రెట్లు తగ్గించేదీ మామూలుగా దొరుకుతాయి. మొదట 64 ది కొనండి, ఎందుకంటే ఈ ఫొటోలకి మధ్యాహ్నం ఎండ ఎలాగూ పనికిరాదు, బానెట్ మీద తెల్లటి మచ్చ పడుతుంది. సూర్యుడు దిగిపోయాక, ఎఫ్ 11 దగ్గర మీటరు 1/15 చూపించే సమయానికి ఆ ఫిల్టర్ పెడితే సరిగ్గా 4 సెకన్లు వస్తుంది. తిప్పితే ముదురూ లేతా అయ్యే వేరియబుల్ ఎన్‌డీ ఉంటుంది, దాన్ని వెడల్పు లెన్సు మీద మరీ ముదురుగా తిప్పితే ఆకాశంలో అడ్డదిడ్డంగా నల్లటి పట్టీలు వస్తాయి, దాని జోలికి వెళ్లకండి. పోలరైజర్ ఉంటే మంచిదే, ముందు అద్దం మీద మెరుపు తగ్గుతుంది, వెలుతురూ కొంత తగ్గుతుంది.

మీ పాత కెమెరా బ్రహ్మాండంగా సరిపోతుంది. ఐఎస్ఓ 100 దగ్గర, ఎఫ్ 11 దగ్గర పాత కెమెరాకీ కొత్త కెమెరాకీ ఈ పనిలో పెద్ద తేడా పట్టుకోలేరు. కెమెరాతో పాటే వచ్చిన ఆ కిట్ లెన్సుని 18 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. ఫోకస్ ముందే హెడ్‌లైట్ మీద చేసుకుని మాన్యువల్‌లోకి మార్చేయండి, నల్లద్దం పెట్టాక ఆటో ఫోకస్ తడుముకుంటుంది. లెన్సు మీద వణుకు తగ్గించే స్టెబిలైజర్ స్విచ్ ఆపేయండి. రా ఫైల్‌లోనే, అంటే కెమెరా కుదించని అసలు ఫైల్‌లోనే తీయండి. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అని ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉంటే 4 సెకన్ల ఫొటో తర్వాత కెమెరా ఇంకో 4 సెకన్లు తన పనిలో తానుంటుంది, ఈలోపు తోసేవాళ్లు కారుని సెల్లార్ చివరిదాకా తీసుకెళ్లిపోతారు. ఆపేయండి.

బైకు మీద చేసింది వేరే పద్ధతి, దాంట్లో షట్టర్ 1/60 చుట్టుపక్కల ఉంటుంది, రెండు బళ్లూ ఒకే వేగంతో పోవాలి, చెయ్యి వణక్కూడదు. హైవే మీద లారీల మధ్య రెండు వరుసలూ ఆక్రమించి ఆ పని చేయడం తప్పు, అది ఫొటో కోసమైనా సరే.

ప్రశ్న: రిగ్ ఆన్‌లైన్‌లో చూస్తే రేట్లు మండిపోతున్నాయి. మా ఇంటి దగ్గరే ఆటోనగర్, వెల్డింగ్ షాపులకి కొదవ లేదు. సొంతంగా చేయించుకోవచ్చా? జీఐ పైపు తీసుకుంటే గట్టిగా ఉంటుందా?
— పటమట, విజయవాడ

జవాబు: ఆటోనగర్ పక్కన పెట్టుకుని ఆన్‌లైన్‌లో వెతకడం ఏంటండీ! లారీ బాడీలే కట్టి పంపేవాళ్లకి ఈ పైపు ఒక లెక్కా. కాకపోతే వాళ్లకి ఏం కావాలో మీరు సరిగ్గా చెప్పాలి, లేకపోతే లారీకి సరిపడేంత బరువు చేసి చేతిలో పెడతారు.

జీఐ పైపు, అంటే జింకు పూత ఉన్న ఇనుప పైపు, వద్దు. గట్టిదే, కానీ బాగా బరువు, ఆ బరువంతా కారు మీదే పడుతుంది. రెండంగుళాల లావున్న అల్యూమినియం పైపు తీసుకోండి. ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి, చివర అదే బరువు వేలాడదీసి పైపు పొడవు రెండింతలు చేస్తే వంపు రెండింతలు కాదు, 8 రెట్లు అవుతుంది. రెండు, పైపు లావు పెరిగితే ఆ వంపు అంతే జోరుగా తగ్గుతుంది. కాబట్టి సన్నటి పొడుగు పైపు కన్నా లావుపాటి పొట్టి పైపు ఎప్పుడూ మేలు. పెయింటర్లు వాడే సాగదీసే కర్ర చూడ్డానికి అచ్చం సరిపోయేలా ఉంటుంది, కానీ లాక్ చేసే ప్రతి చోటా కొంచెం లూజు ఉంటుంది, కారు కదలగానే చివరనున్న కెమెరా గాలం కర్రకి చేప పడినట్టు ఎగిరెగిరి పడుతుంది.

ఎంత పొడవు కావాలి? మన దగ్గర ఎక్కువ కార్లు 4 మీటర్ల లోపువే. ముందు మూల నుంచి ఏటవాలుగా మొత్తం కారు పట్టాలంటే, కిట్ లెన్సు 18 దగ్గర, కెమెరా ఆ మూలకి రెండు, రెండున్నర మీటర్ల దూరంలో ఉండాలి. కారు మీద బిగించే భాగంతో కలిపి పైపు మూడున్నర మీటర్లు. 10 మిల్లీమీటర్ల దాకా పోయే వెడల్పు లెన్సు ఎవరి దగ్గరైనా అరువు దొరికితే ఇందులో బాగా తగ్గించుకోవచ్చు, కాకపోతే మరీ దగ్గరికెళ్తే కారు ముక్కు ఉబ్బిపోతుంది. మూడున్నర మీటర్ల పైపు బస్సులో తీసుకెళ్లలేరు కాబట్టి రెండు ముక్కలు చేయించి, లోపల ఇంకో పైపు బిగుతుగా దూరేలా లేత్ మీద చేయించండి. వెల్డింగ్ వాళ్ల దగ్గర కాకుండా లేత్ వాళ్ల దగ్గర ఎందుకంటే, ఆ జాయింట్‌లో వెంట్రుకవాసి లూజున్నా చివర కెమెరా దగ్గర అది వేలెడంత అవుతుంది. ఆ జాయింట్‌కి అడ్డంగా రెండు బోల్టులు, ఒకటి సరిపోదు.

బిగించేటప్పుడు బరువు ఎక్కడ పడుతుందో ఆలోచించండి, చాలామంది ఇది పట్టించుకోరు. కారు మీద రెండు సక్షన్ కప్పులు, అంటే లోపలి గాలి తీసేస్తే అంటుకుపోయే రబ్బరు కప్పులు, పెట్టి వాటి మీద పైపు వేస్తాం కదా, ముందు కప్పుని పైపు కిందకి నొక్కుతుంది, వెనక కప్పుని పైకి పీకుతుంది. కెమెరా, లెన్సు, కెమెరాని పైపుకి పట్టి ఉంచే హెడ్ కలిపి కిలోన్నర అనుకోండి, ముందు కప్పుకి రెండున్నర మీటర్ల అవతల వేలాడుతోంది, రెండు కప్పుల మధ్య 70 సెంటీమీటర్ల దూరం ఉంది. వెనక కప్పుని పీకే బరువు కిలోన్నర కాదు, అయిదు కిలోల పైనే, పైపు సొంత బరువు దీనికి అదనం. అదే కప్పుల మధ్య దూరం రెండింతలు చేస్తే ఆ పీకుడు సగానికి తగ్గుతుంది. అందుకే ఒకటి బానెట్ ముందు అంచు దగ్గర, ఇంకోటి ముందు అద్దం పైభాగంలో పెడతారు. పైపు వెనక కొసకి ఇసుక మూటో నీళ్ల సీసానో కడితే ఇంకా తేలిక. కెమెరా బెల్టుని పైపుకి ఒక ముడి, పైపుని డోర్ లోపలి నుంచి తాడుతో ఇంకో ముడి. ఊడినా కిందపడకూడదు.

ప్రశ్న: అన్నయ్యగారూ, నాన్న రెండు నెలల క్రితమే కొత్త కారు తీసుకున్నారు. తమ్ముడు దాని మీద ఈ కప్పులు అంటించి ఫొటోలు తీస్తానని ఒకటే గోల. పెయింటు పోతుందని నాన్నకి టెన్షన్. ఇద్దరూ నన్నే అడుగుతున్నారు.
— మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: నాన్నగారి టెన్షన్ సగం నిజం, సగం అనవసరం చెల్లెమ్మా. కంపెనీలో వేసిన పెయింటు కప్పు పీకినంత మాత్రాన ఊడిరాదు. ఊడొచ్చేది పుట్టీ పెట్టి మళ్లీ పెయింటు కొట్టించిన చోట, పైన స్టిక్కర్‌లాగా వేసిన ర్యాప్ లేదా ప్రొటెక్షన్ ఫిల్మ్ ఉన్న చోట. అక్కడ అంటించొద్దు. రెండు నెలల కారంటున్నారు కాబట్టి డెంట్ పని ఏమీ జరిగి ఉండదు, జరిగుంటే అది మీ తమ్ముడికే తెలిసుంటుంది, అడగండి.

అసలు భయపడాల్సింది గీతలకి, సొట్టకి. కప్పు కింద ఒక్క ఇసుక రేణువున్నా పెయింటు మీద గుండ్రంగా గీత పడుతుంది. మన ఊళ్లో ఉదయం కడిగిన కారు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు, కాబట్టి కడిగిన కారు కదా అని వదిలేయకుండా, అంటించే ముందు ఆ చోటునీ, కప్పు రబ్బరునీ తడి మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక పెట్టాలి. ఇక సొట్ట సంగతి. 15 సెంటీమీటర్ల కప్పుని గాలి పైనుంచి నొక్కే బలం, లోపల గాలి పూర్తిగా తీసేయగలిగితే, 170 కిలోల పైచిలుకు. నిజంగా అంత రాదు, ఎందుకంటే లోపల గాలి పూర్తిగా పోదు, కారు రేకు చదునుగానూ ఉండదు, కానీ సగం వచ్చినా డోర్ మధ్యలో ఉన్న పల్చటి రేకు తట్టుకోలేదు. వేలితో కొట్టి చూడండి, డబడబమనే చోట పెట్టకూడదు, కింద ఫ్రేము ఉండి ఠకఠకమనే చోట పెట్టాలి. అన్నింటికన్నా మంచిది ముందు అద్దం. సన్‌రూఫ్ అద్దం మాత్రం వద్దు.

కప్పులు కొనేటప్పుడు పక్కన చిన్న పంపు ఉండేవే కొనమనండి. ఆ పంపు మీద ఎర్ర గీత ఉంటుంది, గాలి దూరిందంటే అది బయటికొస్తుంది, చూసి మళ్లీ నాలుగు సార్లు నొక్కితే సరిపోతుంది. ఫోన్ పెట్టుకునే పిల్ల కప్పులు నాలుగు కలిపినా ఈ పని చేయవు. అద్దాల షాపులో పెద్ద పలకలు ఎత్తడానికి వాడే లిఫ్టర్లు చూశారా, ఆ జాతిది కావాలి. ఇంకో మాట, మే నెల మధ్యాహ్నం వద్దు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, కాలిపోతున్న బానెట్ మీద రబ్బరు మెత్తబడి పట్టు జారుతుంది, లోపల మిగిలిన గాలి వేడికి వ్యాకోచిస్తుంది. నీడలో అరగంట ఉంచాక పెట్టుకోమనండి. తీసేటప్పుడు పీక్కూడదు, అంచున ఉన్న చిన్న నాలుకని గోటితో ఎత్తితే గాలి పోయి అదే వచ్చేస్తుంది. గుండ్రటి మరక ఉంటే తడిగుడ్డకి పోతుంది.

ప్రశ్న: కారు కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చి, ముందు పోయే కారుని తీయొచ్చా? బెల్టు కట్టుకుంటా.
— పేరు, ఊరు రాయలేదు

జవాబు: వద్దు. మోటారు వాహనాల చట్టం 1988 లో 123 వ సెక్షన్ బండి బాడీ బయట మనిషిని ఎక్కించుకుని నడపడం గురించే ఉంది, 184 వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్ గురించి. చట్టం సంగతి సరే, ఊరు రాయడానికే భయపడ్డారంటే సమాధానం మీకు ముందే తెలుసు.

ప్రశ్న: విజయవాడలో ఎక్కడ తీయాలి? కరకట్ట మీద సాయంత్రం నదితో సహా తీద్దామని ప్లాన్. లేకపోతే కనకదుర్గ ఫ్లైఓవర్ మీద తెల్లవారుజామున.
— తాడేపల్లి

జవాబు: ఫ్లైఓవర్ మాట మర్చిపోండి. 2020 లో తెరిచిన దగ్గర్నుంచి అది తెల్లవారుజామున కూడా ఖాళీగా ఉండే రోడ్డు కాదు. ఇంజన్ ఆపి, పక్కకి రెండు మీటర్లు పైపు పొడుచుకొచ్చి, నడకలో సగం వేగంతో కదిలే కారు అక్కడ ఉంటే వెనకొచ్చేవాడికి అది కనపడేసరికి ఆలస్యం అయిపోతుంది. ప్రకాశం బ్యారేజీ కూడా అంతే. జనం తిరిగే రోడ్డు మీద రిగ్ వద్దు.

కరకట్ట మీద ఇంకో ఇబ్బంది ఉంది, అది ఫొటోకి సంబంధించింది. కారు రెండు మీటర్లే కదులుతుంది కాబట్టి దగ్గరున్నవి బాగా సాగుతాయి, దూరమున్నవి సాగవు. రెండు మీటర్ల అవతలున్న గోడ గీతలైపోతుంది, కిలోమీటరు అవతలున్న అవతలి ఒడ్డు మాత్రం బొమ్మ గీసినట్టు అక్కడే ఉంటుంది. నదితో సహా తీస్తే కింద రోడ్డు మాత్రమే పరిగెడుతున్నట్టు, పైన అంతా ఆగిపోయినట్టు వస్తుంది. పైగా నది మీది గాలికి పైపు ఊగుతుంది. కాబట్టి వెనకాల దగ్గరగా స్తంభాలు, చెట్లు, గోడ ఉన్న చోటు వెతకండి.

అంటే ఎక్కడో కాదు, మీ అపార్ట్‌మెంట్ సెల్లారే. నవ్వకండి. సెల్లార్‌లో ఉన్నవన్నీ ఈ ఫొటోకి కావాల్సినవే: వరసగా స్తంభాలు, నున్నటి నేల, పైన ట్యూబులైట్లు, గాలి లేదు, వెలుతురు ఎలాగూ తక్కువ కాబట్టి ఫిల్టర్ కూడా అక్కర్లేదు. కారు కదులుతుంటే ఆ ట్యూబులైట్ల ప్రతిబింబాలు బానెట్ మీద నుంచి జారి పోతూ నాలుగు సెకన్లలో పొడవాటి తెల్లటి చారలవుతాయి, అంచులు మెత్తగా ఉంటాయి, ఆ చారల వల్లే బానెట్ మీద ఉన్న మడతలన్నీ విడివిడిగా కనిపిస్తాయి. నిలబెట్టి తీసిన ఫొటోలో ఈ నునుపు రాదు. ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోజనాలు చేసి పడుకున్నాక, వాచ్‌మన్‌కీ అసోసియేషన్ వాళ్లకీ ఒక మాట చెప్పి తీసుకోండి.

బయటే తీయాలనుకుంటే గుంటూరుకీ విజయవాడకీ మధ్య రియల్ ఎస్టేట్ వెంచర్లు కావాల్సినన్ని ఉన్నాయి. ఇళ్లు రాకముందే తారు రోడ్లేసి, రెండు పక్కలా మొక్కలు నాటి, గేటు పెట్టి వదిలేసిన వాటిలో ట్రాఫిక్ ఉండదు, ఓనర్‌ని అడిగితే చాలాచోట్ల ఒప్పుకుంటారు, వాళ్ల వెంచర్ ఫొటోలో పడుతుందని సంతోషిస్తారు కూడా. సిమెంటు రోడ్డయితే పలకల మధ్య గీతలు చూసుకోండి, చక్రం ఆ గీత ఎక్కిన ప్రతిసారీ పైపు కొసకి ఒక ఊపు వస్తుంది. రెండు గీతల మధ్య ఉన్న దూరంలోనే షట్టర్ తెరిచి మూసేయాలి.

కొండపల్లి, కొండవీడు ఘాట్ రోడ్ల మీద ఇంజన్ ఆపి కారు వదలడం మాత్రం కలలో కూడా అనుకోవద్దు. ఇంజన్ ఆగితే బ్రేకుకి వచ్చే సాయం ఆగిపోతుంది, రెండు మూడు సార్లు నొక్కాక పెడల్ రాయిలా అవుతుంది, స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. చదునైన నేల మీద, గంటకి 2 కిలోమీటర్ల దగ్గర హ్యాండ్‌బ్రేక్‌తోనే ఆగిపోతుంది, వాలులో ఆగదు. ఎక్కడైనా సరే సీట్లో ఒక మనిషి ఉండాలి, చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద ఉండాలి, తాళంచెవి ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ పడుతుంది.

ప్రశ్న: రిగ్ తయారు చేసుకున్నాను, పద్ధతంతా పాటించాను, అయినా కారు కొంచెం షేక్ అయినట్టే వస్తోంది. చిన్న స్క్రీన్ మీద బాగుంటుంది, ల్యాప్‌టాప్‌లో చూస్తే లోగో రెండుగా కనిపిస్తుంది.
— తెనాలి

జవాబు: లోగో రెండుగా కనిపించిందంటే అది మొదట్లో వచ్చిన కుదుపు. తోసేవాళ్లు హైలెస్సా అని ఒక్క ఊపున కదిలిస్తారు, ఆ ఊపుకి పైపు ఊగుతుంది, మీరు అప్పుడే షట్టర్ నొక్కేస్తారు. కారు కదిలాక పైపు ఊగడం ఆగేదాకా కాసేపు అలా వెళ్లనివ్వండి, తర్వాత ఫోన్ యాప్‌తోనో రిమోట్‌తోనో నొక్కండి. రిమోట్ లేకపోతే 10 సెకన్ల టైమర్ పెట్టి, మూడు అయ్యాక తోయమనండి. తోసేవాళ్లకి చెప్పాల్సింది ఒక్కటే, బలం అక్కర్లేదు, ఆగకుండా ఒకేలా నెట్టడం కావాలి. కెమెరా ముందుంటే వాళ్లు వెనక డిక్కీ దగ్గర వంగి తోయాలి, తలలు అద్దంలోంచి కనపడకూడదు.

ఇదంతా అయ్యాక కూడా కొన్ని ఊగినవి వస్తాయి. వస్తూనే ఉంటాయి. అందుకే ఒకే కోణంలో పదిసార్లయినా తీసి, ప్రతిదాన్నీ కెమెరా స్క్రీన్ మీద పూర్తిగా జూమ్ చేసి నంబర్ ప్లేటు అంకెలు చూసుకున్నాకే రిగ్ విప్పండి.

ప్రశ్న: ఫోన్‌తో కుదురుతుందా? మాది ఇంటర్ బ్యాచ్, కెమెరా కొనే స్తోమత లేదు.
— నంబూరు

జవాబు: కుదురుతుంది తమ్ముడూ, పైపు కూడా అక్కర్లేదు. కారు లోపల మొదలుపెట్టు. వెనక సీటు మధ్యలో ట్రైపాడ్ కాళ్లు సీట్లకి ఆనించి గట్టిగా కట్టి, వెడల్పు లెన్సుతో డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ మీద చేతులు, ముందు అద్దంలోంచి రోడ్డు వచ్చేలా పెట్టు. సాయంత్రం చీకటి పడుతుండగా, లైసెన్స్ ఉన్న పెద్దవాళ్లు ఎవరైనా మామూలుగా నడుపుతుంటే, ప్రో మోడ్‌లో సెకనో అర సెకనో షట్టర్ పెడితే లోపలంతా నిలబడుతుంది, బయట వీధి దీపాలు గీతలవుతాయి. ఫోన్ చాలా తేలిక కాబట్టి తర్వాత పైపు మీదకి వెళ్లినా మీ పని సులువే. ప్రో మోడ్ లేకపోతే, ఫోన్‌ని కదలకుండా బిగించి వరసగా చాలా ఫొటోలు తీసి, ఫొటోషాప్‌లో అన్నింటినీ ఒకే స్టాక్‌గా పెట్టి సగటు తీస్తే దాదాపు అదే వస్తుంది. ఫొటోలు తక్కువైతే గీతలు తెగిపోయి మెట్లు మెట్లుగా ఉంటాయి, అంతే.

ప్రశ్న: పైపుని ఫొటోషాప్‌లో చెరపడానికే నాకు రాత్రంతా పడుతోంది. రోడ్డు మీద ఉన్నది పోతోంది, బానెట్ మీద మాత్రం ఎంత చేసినా మరకలా మిగులుతోంది. త్వరగా అయ్యే దారి చెప్పండి. ఇంకోటి, ఫొటోషాప్‌లోనే చక్రాలు తిప్పేసే ఆప్షన్ ఉందటగా, ఈ పైపు గొడవెందుకు మరి?
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రోడ్డు మీద పైపు పోవడం తేలికే, అక్కడ ఎలాగూ అంతా గీతలే. బానెట్ మీద ఉన్నది ఒక పైపు కాదు, రెండు: అసలు పైపు, దాని ప్రతిబింబం. ప్రతిబింబాన్ని వదిలేసి పైపుని మాత్రమే చెరిపితే మీరనే మరక మిగులుతుంది. నల్ల కారయితే ఇంకా దారుణం, పైపు కింద దాని కవల కనిపిస్తూ ఉంటుంది. పైపుకి నల్ల గుడ్డ చుట్టితే ముదురు రంగు కార్ల మీద ప్రతిబింబం కొంత అణుగుతుంది.

త్వరగా అయ్యే దారి తీసేటప్పుడే ఉంది. అనుకున్న ఫొటో వచ్చాక, కారు ఎక్కడున్నప్పుడు షట్టర్ పడిందో నేల మీద నాలుగు టైర్ల దగ్గరా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. పైపు విప్పే ముందు కెమెరా కింద ట్రైపాడ్ తెచ్చి అదే ఎత్తులో, అదే చోట నిలబెట్టండి. కప్పులు, పైపు తీసేసి, కారు కదపకుండా, అదే వెలుతురులో ఒక ఫొటో. ఇందులో రోడ్డు ఆగిపోయి ఉంటుంది, పర్వాలేదు, మీకు కావాల్సింది పైపు లేని బానెట్టూ అద్దమూ మాత్రమే. రెండూ ఒకదాని మీద ఒకటి వేసి, పైపు ఉన్నంత మేర మాస్క్ గీసి, అక్కడ మాత్రం పైపు లేని ఫొటో కనపడేలా చేస్తే రాత్రంతా పట్టేది గంటలో అయిపోతుంది. కెమెరా రెండంగుళాలు అటూఇటూ అయినా కొంచెం లాగి సరిపెట్టుకోవచ్చు. చీకటి పడిపోయాక తీస్తే మాత్రం వెలుతురు కలవదు, కాబట్టి చివరిదాకా ఆగకండి.

పైపుని కారు మీద ఎటు పెడుతున్నారన్నది కూడా చూసుకోండి. లోగో, హెడ్‌లైట్, గ్రిల్ మీదుగా వెళ్తే చెరపడం నరకం. చదునైన బానెట్ మీదుగా పోయి, అక్కడి నుంచి రోడ్డు మీదకి దిగితే తేలిక.

ఇక రెండోది. ఉంది. స్పిన్ బ్లర్, పాత్ బ్లర్ అని ఫొటోషాప్ 2014 లోనే తెచ్చింది. నిలబెట్టిన కారుకి చక్రాలు తిప్పొచ్చు, రోడ్డు సాగదీయొచ్చు, అమ్మకానికి పెట్టే ఫొటోకి చాలాసార్లు అది చాలు. కానీ బానెట్ మీద చెట్ల ప్రతిబింబం కదలకుండా అలాగే ఉంటుంది, రోడ్డేమో పరిగెడుతుంది, చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది. దాన్ని కూడా సరిచేయాలని కూర్చుంటే పైపు చెరపడం కంటే ఎక్కువ టైమ్ పడుతుంది. నా ఓటు పైపుకే.

ప్రశ్న: మేం పెళ్లి ఫొటోగ్రాఫర్లం. మూఢం నెలల్లో పనుండదు. ఈ కార్ల ఫొటోలతో నాలుగు డబ్బులొస్తాయా?
— మంగళగిరి

జవాబు: వస్తాయి, కానీ మీరనుకునేవాళ్ల దగ్గర్నుంచి కాదు. సెకండ్‌హ్యాండ్ కార్ల వాళ్లకి రోజుకి నాలుగైదు కార్లు తీయాలి, రిగ్ షాట్ ఒకటి తీయడానికే మీకు ఒక సాయంత్రం పోతుంది, వాళ్లకి గిట్టదు. డబ్బిచ్చేది తన బండి మీద ప్రాణం పెట్టుకున్నవాడు, కారుని పాలిష్ చేసి మెరిపించే డీటెయిలింగ్, కోటింగ్ షాపులవాళ్లు. ఆ షాపుకెళ్లి, వాళ్లు పాలిష్ చేసి అప్పుడే బయటపెట్టిన కారుని వాళ్ల షెడ్డులోనే ఒకటి ఉచితంగా తీసి చూపించండి, కప్పు అంటించే ముందు ఓనర్ దగ్గర ఒప్పుకోలు కాగితం మీద రాయించుకోండి, అంతకుముందే ఉన్న గీతలకి ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. ఇది మానొద్దు. పెళ్లిళ్లకి పనికొచ్చే దారి కూడా ఉంది, పెళ్లికొడుకు కారుని పూలు కట్టాక ఫంక్షన్ హాల్ ఆవరణలోనే ఒక షాట్, తోయడానికి బావమరుదులు ఎలాగూ ఉంటారు. పూలదండలు మాత్రం గట్టిగా కట్టించండి, కారు కదిలినప్పుడు వేలాడే కొసలు ఊగితే అవి మాత్రమే అలుక్కుపోయి వస్తాయి.

ఈ నెల చదివి ప్రయత్నించినవాళ్లు ఫొటో పంపితే వేస్తాం. పైపు చెరిపిన దాంతోపాటు చెరపనిది కూడా పంపండి, నంబర్ ప్లేటు కనపడకుండా చేసి. నాకు ఎక్కువ ఆసక్తి ఆ చెరపనిదాని మీదే.